హన్నా పెదవులను ఎవరు చదివారు?

మా పొన్నూరు చర్చిలో ఆడవాళ్లం ఎడమ పక్క చాపల మీద కూర్చునేవాళ్లం. నాకు పదకొండేళ్లప్పటి ఒక ఆదివారం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రేకుల కప్పు కింద మే నెల వేడి. గోడకు బిగించిన రెండు స్పీకర్లలోంచి కీబోర్డూ డ్రమ్సూ. తలనూనె, పౌడరు, చెమట కలిసిన వాసన. అవన్నీ ఒక్కసారిగా మీద పడుతుంటే తట్టుకోలేక చున్నీ అంచుని వేలికి చుట్టి విప్పుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ, పాటల పుస్తకంలోని నంబర్లని పెదవులతో వరసగా చెప్పుకుంటూ కూర్చున్నాను. అలా చెప్పుకుంటే ఆ గోల కొంచెం దూరం జరిగేది. ఆరాధన అయ్యాక అయ్యగారు అమ్మని పిలిచి, పిల్లకి మనసు నిలవడం లేదు, ఏదో అల్లరిపెట్టే ఆత్మ ఉంది, మూడు శుక్రవారాలు ఉపవాస కూడికకి తీసుకురమ్మన్నారు. అమ్మ తీసుకెళ్లింది. నా తలకి నూనె రాసి ప్రార్థన చేశారు. మూడో శుక్రవారం తర్వాత నేను ఊగలేదు. నయమై కాదు. నలుగురిలో ఊగకుండా ఉండటం నేర్చుకున్నాను కాబట్టి. ఇంటికొచ్చి దొడ్లో బావి పక్కన కూర్చుని, ఆదివారమంతా దాచుకున్న ఊగులాటని ఒక్కసారే ఊగేదాన్ని.

ఇది జరిగిన ఇరవైమూడేళ్లకి, సాహిత్యంలో పిహెచ్.డి. పట్టా చేతికొచ్చిన నాలుగేళ్లకి, ఒక వైద్యురాలు నాకు ఆటిజమ్, దానితోపాటు ఏడీహెచ్‌డీ ఉన్నాయని చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టక, ఎందుకో, సమూయేలు మొదటి గ్రంథం తీశాను. హన్నా కథ మా సంఘంలో పిల్లల్లేని ప్రతి కోడలికీ చెప్పే కథ. ఆమె షిలోహు మందిరంలో మనసులోనే ప్రార్థించుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడటం లేదు. యాజకుడు ఏలీ ఆ పెదవుల్ని చూశాడు. తాగి ఉందనుకుని మందలించాడు. ఆ అధ్యాయాన్ని చిన్నప్పటినుంచీ కనీసం వందసార్లు విని ఉంటాను. హన్నా విశ్వాసం గురించి విన్నాను, కన్నీళ్ల గురించి విన్నాను, కొడుకుని దేవుడికిచ్చిన త్యాగం గురించి విన్నాను. ఏలీ పొరపాటు గురించి ఒక్క ప్రసంగం కూడా వినలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. మెదడు పనిచేసే తీరు పదిమందికన్నా వేరుగా ఉన్న స్త్రీని మన దగ్గర ముగ్గురు చదువుతారు. బోధకుడు పాపంగానో దురాత్మగానో చదువుతాడు. వైద్యశాస్త్రం అబ్బాయిల కొలబద్దతో చదివి, చాలాకాలం ఏమీ లేదంది. మూడో పాఠకురాలు సాహిత్య విమర్శ, అంటే మనం. మనం ఆమెని ప్రతీకగా చదివాం. ముగ్గురిలో ఎవరూ ఆమెని ఆమెగా చదవలేదు. మొదటి ఇద్దరిమీద విమర్శ మనకి కొత్తకాదు. మూడోదాని గురించి మాట్లాడటానికే నేను ఎక్కువ జంకుతున్నాను, ఎందుకంటే అది నా ఇల్లు.

*

ముందు మాటల సంగతి. న్యూరోడైవర్జెంట్ అనే మాటని 2000 సంవత్సరంలో అమెరికాలో కాసియాన్ అససుమాసు అనే ఆటిస్టిక్ ఉద్యమకారిణి వాడుకలోకి తెచ్చింది. రోగం పేరుగా కాదు, ఒక రాజకీయ స్థానం పేరుగా. తెలుగులో దీనికి సరైన మాట ఇంకా స్థిరపడలేదు. స్థిరపడినవేమో ఇవి: తిక్కది, మెంటల్ది, మొద్దు, పొగరుబోతు, మతిమరుపుది, ఒళ్లు తెలియనిది. మా సంఘంలో వీటికి ఇంకో వరస ఉంది: ఆత్మలో బలహీనురాలు, లోబడనిది, మారుమనస్సు లేనిది. ఒకే పిల్లని ఊళ్లోవాళ్లు మొదటి వరసతో, సంఘంవాళ్లు రెండో వరసతో పిలుస్తారు. రెండిటిలోనూ ఒక పోలిక ఉంది. తప్పు ఆమెది.

వైద్యం కూడా ఈ విషయంలో గొప్పగా ఏమీ లేదు. 1943లో లియో కానర్ అమెరికాలో ప్రచురించిన తొలి పరిశీలనలో 11 మంది పిల్లలుంటే అందులో ఎనిమిది మంది మగపిల్లలు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వర్ణించిన నలుగురూ మగపిల్లలే. వీళ్లిద్దరికంటే ముందే, 1920లలో, సోవియట్ వైద్యురాలు గ్రూన్యా సుఖారెవా ఇలాంటి పిల్లల గురించి వివరంగా రాసింది. అమ్మాయిల గురించి ప్రత్యేకంగా రాసింది. ఆమెని దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. కొలబద్ద అబ్బాయిలమీద తయారైంది కాబట్టి, నోరుమూసుకుని పాఠం చదువుకునే ఆడపిల్ల ఆ కొలతకి అందలేదు. ఒకే మనిషికి ఆటిజమ్, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని నిర్ధారించడానికి అమెరికన్ వైద్యుల ప్రమాణ గ్రంథం 2013 దాకా ఒప్పుకోలేదు. నాకిచ్చిన ప్రశ్నపత్రంలో పార్టీలకి వెళ్లడం గురించి అడిగారు. పొన్నూరులో మాకు పార్టీలెక్కడివి? మాకున్నవి పెళ్లిళ్లు, గృహ కూడికలు, చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థ కూడికలు. ప్రభురాత్రి భోజనానికి వరసలో నిలబడినప్పుడు, ముందున్నామె భుజం తగిలితే ఒళ్లంతా మంటపెట్టినట్టుంటుందా అని ఎవరూ అడగలేదు.

*

ఇప్పుడు బోధకుడి చదువు దగ్గరికి వస్తాను.

మా సంఘం తనని తాను అక్షరాన్ని నమ్మే సంఘమని చెప్పుకుంటుంది. బైబిల్లో ఏది రాసి ఉంటే అది, అంతే. నాలాంటి పిల్లకి ఇది ఎంత హాయిగా ఉండేదో! లోకంలో అందరూ ఒకటి అని ఇంకొకటి అనుకుంటారు. ఇక్కడొక పుస్తకం ఉంది, దానిలో ఉన్నది ఉన్నట్టే. కంఠత వాక్యాల పోటీలో నాకెప్పుడూ మొదటి బహుమతే. తొమ్మిదేళ్లప్పుడు సండే స్కూల్లో మత్తయి సువార్త 5వ అధ్యాయం చెప్పారు. పాపానికి కారణమైన కన్నుని పీకేసుకోవడం మేలనే బోధ అక్కడుంది. నేను లేచి, మన సంఘంలో అందరికీ రెండేసి కళ్లున్నాయి కదా టీచర్, అంటే ఎవరూ పాపం చేయలేదా అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. మోకాళ్లమీద నిలబెట్టారు. అదే అధ్యాయంలో, మన మాట అవుననో కాదనో సూటిగా ఉండాలని కూడా ఉంది. అమ్మగారు చీర ఎలా ఉందని అడిగితే బాగాలేదన్నాను. దానికీ మోకాళ్లే.

సాహిత్య విద్యార్థినిగా ఇప్పుడు ఆ శిక్ష నాకు ఒక సిద్ధాంత సమస్యగా కనిపిస్తుంది. కన్ను విషయం అలంకారం. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే కొరింథీయుల పత్రిక మాట మాత్రం అక్షరార్థం. ఏది అలంకారం, ఏది అక్షరార్థం అని తేల్చే అధికారం ఎవరిది? ఆ గీత ఎక్కడుందో ఎవరూ నోటితో చెప్పరు, అందరికీ తెలిసిపోవాలి. తెలియనిది నాలాంటిది. కాబట్టి అక్షరవాదం అని పేరుపెట్టుకున్న చోట అక్షరాన్ని నిజంగా నమ్మిన పిల్లకే శిక్ష పడుతుంది. ఆమె మొండితనం వల్ల కాదు, ఆ గీతని ఆమె బయటపెడుతుంది కాబట్టి.

ఊగడం సంగతి కూడా అంతే. నన్ను తీసుకెళ్లిన ఆ శుక్రవారం కూడికల్లోనే పెద్దవాళ్లు చేతులెత్తి, కళ్లుమూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ప్రార్థించేవాళ్లు. అది ఆత్మపూర్ణత. ఆదివారం పదిన్నరకి చాపమీద నేను ఊగితే అది దురాత్మ. శరీరం చేసిన పని ఒకటే. ఎప్పుడు, ఎవరు, ఎవరి అనుమతితో అన్నదానిమీద దాని అర్థం మారిపోతోంది.

మార్త, మరియల కథ సరేసరి. లూకా సువార్త 10వ అధ్యాయంలో మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంది, మార్త వంటపనిలో సతమతమవుతుంది, మెప్పు మరియకి దక్కుతుంది. ఈ కథ మార్త నోరు మూయించడానికి పనికొస్తోందని ఎలిజబెత్ ష్యూస్లర్ ఫియొరెంజా ఎప్పుడో చర్చకి పెట్టింది. పొన్నూరులో ఇది ఇంకా చిత్రంగా ఉంటుంది. ప్రసంగంలో మరియలా ఉండమంటారు. ఆరాధన అవగానే ప్రేమవిందుకి మార్తలు కావాలి. ఉల్లిపాయలు తరుగుతూ, పొయ్యిమీద పప్పు చూస్తూ, ఎవరి పిల్లలు ఏడుస్తున్నారో గమనిస్తూ, అందరితో నవ్వుతూ మాట్లాడగల ఆడవాళ్లు. నాకు ఒక పనిలోంచి ఇంకో పనిలోకి వెళ్లడమంటే రైలుపట్టా మారడమంత. పప్పు మాడ్చాను. మరియలా ఒకేదాన్లో మునిగిపోవడం నాకు చాతనవును, కానీ నేను మునిగేది ఆ రోజు ప్రసంగంలో కాదు, పాటల పుస్తకం చివర ఉన్న రాగతాళాల పట్టికలో. మరియగానూ పనికిరాక, మార్తగానూ పనికిరాక మిగిలిపోయిన స్త్రీ ఆ అధ్యాయంలో లేదు.

*

ఇంతవరకు రాసింది చదివి, చర్చిని తిట్టడం తేలికేనని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నాకు తేలిక కాదు.

గుంటూరుకి 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చాడు. బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898 నాటికి గుంటూరులో ఆడవాళ్లకోసం ఆసుపత్రి తెరిచింది. వాళ్లతోపాటు పల్లెపల్లెకీ నడిచి వెళ్లిన బైబిల్ స్త్రీలు, అంటే మన తెలుగు ఆడవాళ్లే, మా పల్లెల్లో ఆడపిల్లల చేతికి మొదటిసారి పుస్తకం ఇచ్చారు. మా అమ్మమ్మకి చదవడం వచ్చింది చర్చివల్లే. అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరైంది ఆ చదువువల్లే. ఈ వ్యాసం మీ చేతికి రావడానికి కూడా మొదటి కారణం అదే.

ఆ చదువుతోపాటే ఒక క్రమశిక్షణ వచ్చింది. తెల్లటి ఉతికిన చీర, నూనెరాసి బిగించి దువ్విన జడ, అదుపులో ఉన్న గొంతు, వేళకి ప్రార్థన. మమ్మల్ని మురికివాళ్లని, అరుపులవాళ్లని అన్న ఊరికి అది మా జవాబు. అమ్మకి ఇరవయ్యేళ్లప్పుడు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. నాకు మూడేళ్లప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి కాలవలోనూ పొలాల్లోనూ పడేశారు. చుండూరు మాకు దూరమేమీ కాదు. ఆ రోజుల్లో సాయంత్రం అయిదింటికల్లా తలుపులు వేసుకున్నామని అమ్మ చెప్పేది. అలాంటి అమ్మకి, రోడ్డుమీద పెద్దగా తనలో తాను మాట్లాడుకుంటూ, ఎదుటివాళ్ల ముఖం చూడకుండా, అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పే కూతురంటే ఎంత భయమో నాకు పెద్దయ్యాక అర్థమైంది. “ఏందే ఆ ఊగులాట, నలుగురూ చూస్తన్నారు” అని గిల్లినప్పుడు ఆ నలుగురూ ఎవరో అమ్మకి తెలుసు, నాకు తెలియదు.

ఇంకో సంగతి ఉంది. నాకు రెండు పేర్లు. బాప్తిస్మం పేరు ఒకటి, బడి రికార్డు పేరు ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాని మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీసింది. క్రైస్తవులకి తీయలేదు. మతం మారిన దళితుల్ని మన రాష్ట్రంలో బి.సి.-సి లో పెట్టారు, ఒక్క శాతానికి. క్రైస్తవ మతంలో ఉన్న వ్యక్తి అత్యాచార నిరోధక చట్టం రక్షణ కోరలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో కూడా తీర్పు చెప్పింది. ఊరు మాత్రం మేం బాప్తిస్మం తీసుకున్నామని మమ్మల్ని ఊళ్లోకి రమ్మనలేదు. కాబట్టి ఎక్కడ ఏ పేరు చెప్పాలో, ఎవరిముందు ఏ దేవుణ్ణి తలవాలో అయిదేళ్ల పిల్లకి నేర్పాల్సి వచ్చేది. ఇది మావాళ్ల కపటం కాదు. చట్టం మా ముఖానికి కట్టిన ముసుగు.

ఆటిజమ్ ఉన్న ఆడవాళ్లు తమ తీరుని దాచి, ఎదుటివాళ్ల మాటనీ నవ్వునీ చూసి నేర్చుకుని నటించడాన్ని పరిశోధకులు మాస్కింగ్ అంటున్నారు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇంట్లో అందరూ చేసేది అదే. తేడా ఒకటుంది. అమ్మ బడినుంచి ఇంటికొచ్చాక తన ముసుగు తీసేది. వంటింట్లో తన పాట తను పాడుకునేది. నాది ఇంట్లో కూడా తీయడానికి వీల్లేదు. తలమీది కొంగు జారితే సర్దుకోమని పాస్టరమ్మ కళ్లతో సైగ చేసేది. ముఖంమీది ముసుగు జారకుండా అమ్మే కాపలా కాసేది. బతకడానికి దాచుకోక తప్పని మనుషులు, దాచుకోలేని కూతుర్ని ప్రమాదంగా చూశారు. దీన్ని ఒక్క పితృస్వామ్యం అనే మాటతో తేల్చేస్తే అమ్మకి అన్యాయం చేసినదాన్నవుతాను. కులాన్ని ఒక్కదాన్నే చెప్పి ఊరుకుంటే ఆ మూడు శుక్రవారాల పిల్లకి అన్యాయం చేసినదాన్నవుతాను.

*

ఇక మన చదువు.

స్త్రీవాద విమర్శలో పిచ్చి స్త్రీకి పెద్ద పీట ఉంది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన పసుపురంగు గోడకాగితం కథ, జీన్ రీస్ 1966లో అటక మీద బందీ అయిన భార్య వైపునుంచి రాసిన నవల, ఆ స్త్రీ పాత్రని రచయిత్రుల అణగారిన కోపానికి ప్రతిరూపంగా చూపిన గిల్బర్ట్, గూబర్‌ల 1979 నాటి పుస్తకం, ఇవన్నీ నేను పిహెచ్.డి.లో శ్రద్ధగా చదివాను, ఉదహరించాను. మన విమర్శ కూడా ఆ దారినే నడిచింది. మతి తప్పిన స్త్రీ పాత్ర కనబడితే మనం వెంటనే అడిగే ప్రశ్న, ఏ వ్యవస్థ ఈమెని ఇలా చేసింది అని. మంచి ప్రశ్నే. కానీ అందులో ఒక షరతు దాగి ఉంది. ఆ వ్యవస్థే లేకపోతే ఈమె అందరిలాగే ఉండేదని.

మా తెనాలి పక్క కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథని నేను డిగ్రీ క్లాసులో పాఠంగా చెప్పాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు దాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. చిన్ననాటి స్నేహితురాలు పేరుతోపాటు ఆమెకేమేం వచ్చో గుర్తుచేస్తుంది. తెలుగు స్త్రీ అస్తిత్వ చైతన్యానికి అంత సూటి కథ ఇంకోటి లేదని చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. ఆ రోజు వెనక బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, మా అక్క నిజంగానే మర్చిపోద్ది. పొయ్యి మీద పాలు, పిల్లాడి టీకా, అన్నీ. రోజూ దెబ్బలు తింటది. పేరు పెట్టి పిలిస్తే గుర్తొస్తయ్యా?” అంది. నేను ఇది ప్రతీకాత్మక కథమ్మా అని కూర్చోబెట్టాను. మోకాళ్లమీద నిలబెట్టలేదు, అంతే తేడా.

ఆ కథలో లోపముందని అనడం లేదు. ఆ కథానాయికకి ఏదో రోగ నిర్ధారణ చేయాలనీ అనడం లేదు, అది ఇంకో రకం ఏలీతనం. నేనంటున్నది మన చదివే అలవాటు గురించి. మరుపు, తొందర, ఊగడం, మాట పడిపోవడం, ఒకే విషయాన్ని పట్టుకు వేలాడటం, వీటిని మనం వెంటనే అర్థాలుగా మార్చేస్తాం. అర్థం దొరకగానే శరీరం మాయమవుతుంది. చైతన్యం వస్తే గుర్తొస్తుంది, స్వేచ్ఛ వస్తే నయమవుతుంది అని ఒక హామీ కూడా ఇచ్చేస్తాం. నాకు చైతన్యం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. సొంత గది ఉంది. ఇప్పటికీ పాలు పొంగిపోతాయి. సెమినార్లో మైకు కీచుమంటే చెవులు మూసుకుని బయటికి వెళ్లిపోతాను. చిన్నప్పుడు దేవుడి ముందు దోషిని, ఇప్పుడు మన సభల్లో, ఇంకా ఎదగనిదాన్ని. మారుమనస్సు లేనిదానికీ చైతన్యం లేనిదానికీ మధ్య దూరం నేననుకున్నంత లేదు.

నాకు మన సాహిత్యంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిన కథ, ఎం.ఎం. వినోదిని లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని కూతురి వైపుకి తిప్పి రాసినది. దళిత క్రైస్తవ అమ్మాయి పై కులపు స్నేహితురాలి ఇంటి తీరుకి మోజుపడి, తన వాళ్లంటే సిగ్గుపడి, వాళ్లలా ఉండాలని తాపత్రయపడుతుంది. వాళ్ల లెక్కలో తన స్థానమేమిటో తెలిశాక ఇంటికి తిరిగివస్తుంది. ఒక ఆడపిల్ల ఎదుటివాళ్ల మాటనీ నడతనీ తినే తీరునీ గమనించి తనమీద వేసుకోవడం ఎంత కష్టమో, ఎంత అవమానమో ఆ కథ చూపినట్టు తెలుగులో ఇంకెవరూ చూపలేదు. మాస్కింగ్ అనే మాట లేకుండానే దాని కులరాజకీయం మొత్తం అందులో ఉంది. బైబిల్ కథని మా వాకిట్లోకి తెచ్చి మాకోసం మళ్లీ చదివిన ధైర్యం కూడా ఉంది.

ఆ కథ ముగింపు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ కూతురు ఇంటికొచ్చింది, అక్కడ ఆమెకి నటించాల్సిన పనిలేదు. మరి ఇంట్లో కూడా నటించాల్సిన కూతురు? తన పల్లె, తన చర్చి, తన తల్లి భాష అన్నీ తనవే అయి ఉండి, వాటి మధ్య కూర్చున్నా పరాయి ఊళ్లో ఉన్నట్టుండే కూతురు ఎక్కడికి తిరిగిరావాలి? ఇది ఆ కథమీద ఫిర్యాదు కాదు. ఆ కథ తీసిన తలుపులోంచే ఈ ప్రశ్న అడగగలుగుతున్నాను. తర్వాతి కథ ఎవరో ఒకరం రాయాలి.

*

మా వీధి చివర ఒక అక్క ఉండేది. ఎవరేం మాట్లాడినా చివరి మాటని రెండుసార్లు తిరిగి అనేది. మినుములు చెరగమంటే చెరిగి, వాటిని గింజ పక్కన గింజ పేర్చేది. పదిహేడేళ్లకి పెళ్లి చేశారు. ఎనిమిది నెలలకి వెనక్కి పంపారు. పొరుగు జిల్లాలో ఏదో ప్రార్థన మందిరంలో నెలరోజులు ఉంచి తెచ్చారు. వచ్చాక ఎవరి మాటా తిరిగి అనలేదు, తన మాటా అనలేదు. అందరూ విడుదల దొరికిందన్నారు. స్త్రీల సమాజంలో వాళ్లమ్మ సాక్ష్యం చెప్పింది. నేను కూడా చప్పట్లు కొట్టాను.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, స్వస్థతకోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో తప్పించుకోలేక చనిపోయారు. అది దర్గా దగ్గర జరిగింది కాబట్టి మనది కాదనుకోవద్దు. గొలుసుకి మతం లేదు. మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం 2017లో ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 వైకల్యాల్ని గుర్తించింది. ఆటిజమ్ అందులో ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. నా మెదడులో సగం చట్టానికి తెలుసు, సగం తెలియదు. ఆ అక్కకి ఏముందో నాకు తెలియదు. ఏ పేరూ పెట్టను. ఆమె గురించి నేను రాయగలిగింది, ఆమె మాటలు రెండుసార్లు అనేదని, మినుములు పేర్చేదని, ఆ రెండూ ఎవరికీ నష్టం చేయలేదని మాత్రమే.

విమర్శకులుగా మన పని అక్కడినుంచే మొదలవుతుందనుకుంటున్నాను. కనబడినదానికి వెంటనే అర్థం చెప్పకుండా, ఆమె ఏం చేస్తోందో ముందు సరిగ్గా చూసి రాయడం. ఆమెనే అడగడం. జవాబు రావడానికి ఎక్కువ సమయం పడితే ఆగడం. మన సభల్లో స్పీకర్ల శబ్దం కొంచెం తగ్గించడం కూడా ఇందులో భాగమే, నవ్వకండి.

ఏలీ దగ్గర మా అయ్యగారూ నేనూ నేర్చుకోవాల్సింది ఇదేనని నాకిప్పుడు తోస్తుంది. హన్నా తిరిగి మాట్లాడింది. తాను తాగలేదని, మనసులో బాధని దేవుడి ముందు కుమ్మరించుకుంటున్నానని, తనని పనికిమాలినదానిగా లెక్కకట్టవద్దని యాజకుడి ముఖంమీదే చెప్పింది. ఏలీ విన్నాడు. తన మాట మార్చుకున్నాడు. ఆమెని సమాధానంతో పంపాడు. వినడానికి ముందు తీర్పు చెప్పినవాడు విన్నాక తీర్పు మార్చుకోవడం మా గ్రంథంలోనే ఉంది. దానికోసం వేరే సిద్ధాంతం తెచ్చుకోనక్కర్లేదు.

కిందటి క్రిస్మస్ సెలవుల్లో అమ్మ పట్టుబడితే పొన్నూరులో స్త్రీల సమాజానికి ఈ మాటలే చెప్పాను. ఆటిజమ్ అని గానీ, స్త్రీవాదం అని గానీ అనలేదు. హన్నా పెదవుల గురించి, ఏలీ కళ్ల గురించి చెప్పాను. చెబుతున్నంతసేపూ కొంగు అంచుని వేలికి చుట్టి విప్పుతూనే ఉన్నాను. అమ్మ చూసింది, గిల్లలేదు. అయ్యాక ప్రార్థన చేసి టీలు ఇస్తుంటే, గోడకి ఆనుకుని కూర్చున్న ఒక మామ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఎనభై దాటి ఉంటాయి. వీధి చివరి అక్కకి నాయనమ్మ.

“అమ్మాయ్, అంతా బానే చెప్పావు గానీ, ఆ ఏలీ అయ్యగారు ఆ పిల్లని తప్పుగా అనుకున్నాన్రా, ఏమనుకోమాక అని ఒక మాటన్నా అన్నాడా?”

ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. అయినా బైబిల్ తీసి, మామ్మ పక్కన కూర్చుని, వేలుపెట్టి మళ్లీ చదివాను.

“అనలేదు మామ్మా” అన్నాను.